నీడ పట్టిన పెరటిని తోటగా తిరిగి మలచిన తీరు

ఈ కేసులోని స్థలం ఒక రెండంతస్తుల ఇంటికి ఉత్తరం దిక్కున ఉన్న పెరడు. ఇంటి గోడ నుంచి వెనుక ప్రహరీ వరకు పొడవు 9 మీటర్లు, అడ్డం ఐదున్నర మీటర్లు. ఇల్లు కట్టుకున్న కొత్తలో చుట్టూ ఖాళీ జాగాలే ఉండేవని, పెరట్లో ఆకుకూరల మడులు, పూల మొక్కలు ఉండేవని ఇంటివారు చెప్పారు. తరవాత తూర్పున, పడమరన నాలుగంతస్తుల భవనాలు లేచాయి. వాయవ్య మూలన ఎప్పుడో నాటిన బాదం మొక్క పెద్ద చెట్టై సగం పెరటి మీద గొడుగు పట్టింది. మడులు పోయాయి, పూలు మానాయి, క్రమంగా మనుషులు అటు అడుగు పెట్టడమే మానేశారు. ఈ తోట పనికి వెళ్లిన మేము చూసేనాటికి అక్కడ ఏపుగా ఉన్నది రాళ్ల మీది నాచు ఒక్కటే. గోడ వారన పగిలిన కుండీలు, పాత ఇంటి సామాను, వాటి మీద రాలి అట్టలు కట్టిన బాదం ఆకులు. దోనెలా ముడుచుకున్న ఆకును ఒకదాన్ని కాలితో తిరగేస్తే అందులో రెండు చెంచాల నీళ్లు, ఆ నీళ్లలో దోమ పిల్లలు కనిపించాయి.

ఇంటివారు కోరినవి పెద్ద కోరికలేమీ కావు. సాయంత్రం పూట ఇద్దరు ముగ్గురు కూర్చోగల చోటు, వంటింటి కిటికీలోంచి చూస్తే కాస్త పచ్చదనం, దోమల బెడద లేకపోవడం, వీలైతే ఒక లాన్. అయితే వారి మనసులో ఒక నిర్ధారణ అప్పటికే స్థిరపడి ఉంది: ఇక్కడ ఎండ రాదు కాబట్టి ఏదీ బతకదు. అంతకుముందు వచ్చి చూసిన వారు కూడా అదే మాట చెప్పి, నేలంతా సిమెంట్ చేయించి పైన ప్లాస్టిక్ గడ్డి పరచుకోమని సలహా ఇచ్చారట. తేమ ఆరని నీడలో ప్లాస్టిక్ గడ్డి పరిస్తే దాని మీదా నాచే పడుతుంది, అడుగున కంపు కొడుతుంది, పక్కనున్న చెట్టు వేళ్లకు నీరూ గాలీ అందకుండా పోతాయి. ఆ సలహాను మేము మొదటి మాటలోనే పక్కన పెట్టించాం. నీడ మీద వేసిన నేరంలో చాలా భాగం నిజానికి నీటిదీ మట్టిదీ అని తరవాత చేసిన పరిశీలనలో తేలింది. ఈ పనిలో తీసుకున్న ప్రతి నిర్ణయానికీ అదే ఆధారం కాబట్టి, పరిశీలన సంగతే ముందుగా, కొంత వివరంగా రాస్తున్నాను.

వెలుతురు లెక్క

నీడ ఉన్న చోటును కంటితో అంచనా వేయడం కుదరదు. మసక వెలుతురుకు మన కన్ను ఇట్టే అలవాటు పడిపోతుంది, అందువల్ల 1,500 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) ఉన్న మూల కూడా మనకు తగినంత వెలుతురుగానే తోస్తుంది. ఆరుబయట నడినెత్తి ఎండలో దాదాపు 1,00,000 లక్స్ ఉంటుందని గుర్తు పెట్టుకుంటే ఆ మూలలోని మొక్కకు అందుతున్నది ఎంత తక్కువో అర్థమవుతుంది. మబ్బు లేని రోజున పొద్దుట నుంచి సాయంత్రం దాకా గంటకొకసారి పెరట్లోని వేర్వేరు చోట్ల వెలుతురును కొలిచాం, ఎండ పడిన మేర అంచుల వెంట సుద్దముక్కతో గీతలు గీశాం. ఫోన్‌లోని లక్స్ మీటరు కచ్చితమైన అంకె ఇవ్వదు కానీ ఒక చోటును మరో చోటుతో పోల్చి చూడటానికి సరిపోతుంది. పడమటి ప్రహరీ అడుగున 800 నుంచి 1,500 లక్స్, బాదం చెట్టు కింద 3,000 నుంచి 6,000 లక్స్ వచ్చాయి. ఇంటి గోడ దగ్గర ఆకాశం కొంత కనిపిస్తుంది కాబట్టి నేరుగా ఎండ లేకపోయినా 8,000 దాకా వచ్చింది.

ఇవన్నీ శీతకాలంలో తీసిన అంకెలు. వీటిని నమ్ముకుని మొక్కలు ఎంచితే ఎండాకాలంలో అవి మాడిపోతాయి, కాబట్టి సూర్యుడి ఎత్తును లెక్క వేయక తప్పలేదు. ఈ లెక్క కష్టమైనది కాదు. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 90 డిగ్రీలలోంచి ఆ ఊరి అక్షాంశాన్ని తీసివేసినంత ఉంటుంది. డిసెంబరులో అది 23.5 డిగ్రీలు తగ్గుతుంది, జూన్‌లో అంతే పెరుగుతుంది. ఉత్తరార్ధగోళంలో 17 డిగ్రీల అక్షాంశాన్ని తీసుకుంటే, 7 మీటర్ల ఎత్తున్న ఇల్లు డిసెంబరు మధ్యాహ్నం ఉత్తరానికి సుమారు 6 మీటర్ల నీడ వేస్తుంది. మార్చిలో ఆ నీడ రెండు మీటర్లకు కుంచించుకుపోతుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు కాబట్టి మధ్యాహ్నం పూట ఆ వైపు ఇంటి నీడే ఉండదు. తూర్పు పడమరల్లోని భవనాలు పొద్దుటి ఎండనూ సాయంత్రపు ఎండనూ అడ్డుకుంటున్నా, వేసవి మధ్యాహ్నం రెండు రెండున్నర గంటల పాటు పెరటి నడుమ నిప్పులు చెరిగే ఎండ పడుతుంది. ఏడాదంతా నీడే అనుకున్న ఈ స్థలంలో శీతకాలపు చిమ్మ నీడ, వేసవి మధ్యాహ్నపు మండే పట్టీ, చెట్టు కింది చిల్లుల నీడ, పడమటి గోడ వారనున్న ఎన్నటికీ ఎండ ఎరగని నీడ అని నాలుగు రకాల పరిస్థితులు ఉన్నాయి. వీటన్నిటికీ ఒకే మొక్కల జాబితా పనికిరాదు.

నీరు ఎటు పోతోంది

ఇంటి వెనుక గోడ అడుగున మోకాలెత్తు వరకు పెయింటు ఊడి తెల్లటి ఉప్పు పొంగి ఉంది. నీటి ట్యూబుతో మట్టం చూస్తే, ఇంటి దగ్గరి మూడు మీటర్ల గచ్చు బయటికి వాలాల్సింది పోయి ఇంటి వైపే నాలుగు సెంటీమీటర్లు వాలి ఉంది. ఏళ్ల తరబడి నేల కుంగడం వల్ల అలా జరిగి ఉంటుంది. డాబా మీది వాన నీటి గొట్టమూ, పై గదుల మూడు ఏసీల నీళ్లూ ఆ పల్లంలోకే పడుతున్నాయి. ఈశాన్య మూలన ప్రహరీలో నీళ్లు పోవడానికి వదిలిన పాత తూము ఉందని ఇంటి పెద్దాయనకు గుర్తుంది కానీ అది ఎక్కడో ఎవరికీ తెలియదు. ఆకులు, మట్టి తవ్వి తీస్తే అడుగున ఇటుక ముక్కలతో పూడుకుపోయి బయటపడింది.

మట్టిలోకి నీరు ఎంత వేగంగా ఇంకుతుందో చూడటానికి పార, గునపం ఉంటే చాలు. అడుగు లోతు గుంట తీసి నీళ్లతో నింపి, అవి పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, రెండోసారి గంటకు ఎంత దిగుతుందో స్కేలుతో కొలవాలి. గంటకు రెండున్నర సెంటీమీటర్లు దిగితే ఎక్కువ మొక్కలకు ఇబ్బంది ఉండదు. ఇంటి దగ్గరి గుంటలో గంటకు ఒక సెంటీమీటరు కూడా దిగలేదు. చెట్టు కింద గుంట తీస్తే పరిస్థితి పూర్తిగా తలకిందులు: పై పొరలో దుమ్ములా పొడి మట్టి, దాని కింద సన్నటి వేళ్ల అల్లిక, పోసిన నీళ్లు చూస్తుండగానే మాయం. నలభై తొమ్మిదిన్నర చదరపు మీటర్ల పెరట్లో ఒక చివర బురద నీడ, మరో చివర ఎండు నీడ ఉన్నాయి, ఇంటివారు రెండిటికీ ఒకే గొట్టంతో రోజూ ఒకే లెక్కన నీళ్లు పెడుతున్నారు. ఇంటి దగ్గరి మొక్కలు వేరు కుళ్లి, చెట్టు కింది మొక్కలు దాహంతో చనిపోయాయి. రెండు చావులనూ ఎండ లేకపోవడం ఖాతాలోనే రాసుకున్నారు.

కాబట్టి పనుల్లో మొదటిది నీటి పనే అయింది. పాత గచ్చు పగలగొట్టించి, ఇంటి నుంచి బయటికి ప్రతి 80 సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున వాలు తీసుకుని కొత్త నేల వేయించాం. మట్టి మట్టం ఇంటి గోడలోని తేమ నిరోధక పొర కంటే 15 సెంటీమీటర్లు కిందనే ఉండేలా చూశాం. పెరట్లో మట్టి పోయించేటప్పుడు చాలామంది మరిచిపోయేది, ఆ తరవాత గోడలో చెమ్మకు కారణమయ్యేది ఈ పదిహేను సెంటీమీటర్లే. తూర్పు ప్రహరీ వెంట జానెడున్నర వెడల్పున కాలువ తీసి, అడుగున చిల్లుల పైపు వేసి, దాని చుట్టూ వడపోత గుడ్డ చుట్టి, పైన కంకర నింపి, మీటరుకు సెంటీమీటరు వాలుతో ఈశాన్యపు తూములోకి కలిపాం. వాన గొట్టాన్ని అందులోకి మళ్లించాం. ఏసీల నీటిని మాత్రం వృథా పోనివ్వలేదు. అందులో ఉప్పులు దాదాపు ఉండవు కాబట్టి ఫెర్న్‌ల వంటి సున్నితమైన మొక్కలకు బోరు నీటి కంటే అది మేలు. మూడు పైపులనూ కలిపి, దోమ దూరకుండా సన్నటి జాలీ బిగించిన డ్రమ్ములోకి వదిలాం.

ఈ పని పూర్తయి, ఇంకా ఒక్క మొక్క కూడా నాటకముందే, దోమలు తగ్గాయని ఇంటివారు చెప్పారు. ఏడిస్ దోమకు గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం పది రోజులు పడుతుంది. అన్ని రోజుల పాటు నీరు నిలిచే చోటు లేకుండా చేస్తే పెరట్లోనే పుట్టే దోమలు పుట్టవు, అయితే పక్క స్థలాల నుంచి వచ్చేవి వస్తూనే ఉంటాయి.

చెట్టుతో బేరం

బాదం చెట్టును కొట్టించేస్తే వెలుతురు వస్తుందని ఇంట్లోని చిన్నవారి వాదన, అది మా ఇంటి మనిషి లాంటిదని పెద్దావిడ పట్టుదల. నేను పెద్దావిడ పక్షం వహించాను, అయితే నా కారణాలు వేరు. ఆ చెట్టు పోతే వేసవి మధ్యాహ్నపు ఎండకు అడ్డు ఉండదు, పక్క భవనాల కిటికీలన్నీ నేరుగా పెరట్లోకి చూస్తాయి. పైగా బాదం ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎర్రబారి ఆకంతా రాల్చే చెట్టు. ఆకు రాలిన కొన్ని వారాలు పెరటికి ఆకాశం తెరుచుకుంటుంది.

బాదం కొమ్మలు అంచెలంచెలుగా, అడ్డంగా సాగుతాయి. మధ్యలో తల నరికితే ఆ ఆకారం పాడవడమే కాకుండా నరికిన చోట గుత్తులుగా బలహీనమైన రెమ్మలు లేచి గాలివానకు విరిగిపడతాయి. అందుకని పైభాగం జోలికి పోకుండా ఇంటి వైపున్న అడుగు రెండు అంచెలను మాత్రమే తీయించాం. ఒక ఏడాదిలో పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయకూడదన్న హద్దు పాటించాం. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే మెడను వదిలి దాని బయటే కోయించాం, ఎందుకంటే గాయం మానేది ఆ మెడలోని కణజాలం వల్లే. చాలా నగరాల్లో చెట్టు కొట్టడానికీ పెద్ద కొమ్మలు తీయడానికీ స్థానిక సంస్థ అనుమతి కావాలి, ఆ పని ముందే చూసుకోవాలి.

వేళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరమైంది. చెట్టు మొదలు అడ్డుకొలత 40 సెంటీమీటర్లు. అడ్డుకొలతకు పన్నెండు రెట్ల దూరం వరకు, అంటే మొదలు నుంచి 4.8 మీటర్ల వరకు, వేళ్లను కాపాడుకోవాల్సిన వలయంగా లెక్కిస్తారు. ఈ పెరట్లో వెనుక సగం దాదాపుగా ఆ వలయంలోకే వచ్చింది. నీటినీ పోషకాలనూ తీసుకునే సన్న వేళ్లలో ఎక్కువ భాగం పై అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి కాబట్టి అక్కడ లోతుగా తవ్వడం గానీ, అడుగు మందాన కొత్త మట్టి పోయడం గానీ చెట్టుకు నెమ్మదిగా విషం పెట్టినట్టే. మట్టి పోసిన ఏడాదికే చెట్టు ఎండిపోదు. మూడు నాలుగేళ్లకు కొనలు ఎండటం మొదలవుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. మేము వేసిన కంకర కాలువ ఈ వలయం అంచున మాత్రమే పోతుంది, అక్కడ కూడా పొక్లెయిన్ కాకుండా చేతిపనితోనే తవ్వించాం.

మట్టి, గోడ

వలయం బయటున్న ముందు సగంలో తవ్వితే ఒక జానెడు మట్టి కింద ఇల్లు కట్టినప్పటి చెత్త మొత్తం దొరికింది: ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంట్ ముద్దలు, సున్నపు పెచ్చులు, టైల్స్ ముక్కలు. మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.3 చూపించింది. అక్కడే ఒక మూలన కొన ఊపిరితో ఉన్న నూరువరహాల మొక్క ఆ సంగతిని అంతకుముందే చెబుతూ ఉంది. దాని లేత ఆకు ఒకటి కోసి వెలుతురుకు పట్టి చూస్తే ఆకంతా నిమ్మపండు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా గీతలు గీసినట్టు ఉన్నాయి. క్షార గుణం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేని స్థితికి ఇది స్పష్టమైన గుర్తు, నూరువరహాల్లో ఇది మరీ తొందరగా బయటపడుతుంది. నీడ వల్ల పాలిపోయిందనుకుని దానికి యూరియా వేస్తూ వచ్చారు.

ముందు సగంలో మొక్కలు పెట్టదలచిన మేర మాత్రమే అడుగున్నర లోతు తవ్వి, చెత్తను జల్లించి తీసేసి, అదే మట్టిలో మూడో వంతు బాగా మాగిన కంపోస్టు కలిపి తిరిగి నింపాం. బయటి నుంచి ఎర్రమట్టి తెచ్చి నింపడం తేలిక, అయినా ఉన్న మట్టిని బాగుచేసుకోవడమే నాకు ఇష్టం. కొత్త మట్టికీ పాత మట్టికీ మధ్య స్పష్టమైన పొర ఏర్పడితే నీరు అక్కడే ఆగిపోతుంది. వెనుక సగంలో తవ్వకుండా, వేళ్లకు దెబ్బ తగలని చోట్ల గునపంతో సన్నటి రంధ్రాలు వేసి కంపోస్టు కూరి, పైన ఐదు సెంటీమీటర్ల మందాన కంపోస్టు పొర, దాని మీద తరిగిన ఆకుల పొర పరిచాం. ఈ రెండు పొరలూ చెట్టు మొదలును తాకకుండా జానెడు దూరం వదిలాం. రాలిన బాదం ఆకు తోలులా మందంగా ఉంటుంది, అలాగే వదిలితే అట్టలు కట్టి నీటిని అడ్డుకుంటుంది. ముక్కలు చేసి ఇనుప వల డబ్బాలో తడిపి ఉంచితే ఏడాది ఏడాదిన్నరకు నల్లటి ఆకు ఎరువు అవుతుంది. ఈ పెరటికి కావలసిన ఎరువులో చెప్పుకోదగ్గ భాగం ఈ పెరట్లోనే రాలుతోంది.

పడమటి ప్రహరీకి ముదురు ఆకుపచ్చ ప్లాస్టిక్ పెయింటు వేసి ఉంది, అదీ సగం ఊడింది. దాన్ని గీకించి సున్నం వేయించాం. తెల్లటి సున్నం తన మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని తిరిగి వెదజల్లుతుంది, అంతేకాక గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. ప్లాస్టిక్ పెయింటు చెమ్మను లోపలే పట్టి ఉంచి పొక్కులు పొక్కుతుంది. సున్నం వేశాక ఆ గోడ అడుగున వెలుతురు దాదాపు ఒకటిన్నర రెట్లయింది. ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి: గీకిన పెచ్చులనూ సున్నపు చుక్కలనూ మట్టిలో పడనిస్తే పీహెచ్ మళ్లీ పెరుగుతుంది, అందుకని పని జరిగినన్నాళ్లు గోడ వెంట పట్టా పరిపించాం.

నేల, దారి, కూర్చునే చోటు

లాన్ మాట ఇక్కడే తేలిపోయింది. లాన్‌కు రోజుకు కనీసం నాలుగు గంటల నేరు ఎండ కావాలి, ఈ పెరట్లో వేసవిలో కూడా అది రాదు. నీడకు తట్టుకునే గడ్డి రకాలున్నాయని చెప్పి అమ్మేవారు ఉంటారు. ఆ రకాలు కూడా తక్కువ ఎండలో బతికి ఉండగలవు గానీ తొక్కుడుకు తట్టుకుని తిరిగి కోలుకోలేవు. పచ్చటి నేల కావాలన్న కోరికను మాండో గడ్డితో కొంత తీర్చాం. అది గడ్డి కాదు, గడ్డిలా కనిపించే మొక్క, కోయనక్కర లేదు, నీడలోనే బాగుంటుంది, దాని మీద నడవకూడదు.

నడవడానికి ఇంటి దగ్గర నుంచి ఈశాన్య మూల దాకా 90 సెంటీమీటర్ల వెడల్పున రాతి పలకల దారి వేశాం. పలకల కింద సిమెంట్ కాకుండా ఇసుక, సందుల్లో సన్న కంకర ఉండటం వల్ల వాన నీరు వేళ్లకు చేరుతుంది. దారిని నేరుగా కాకుండా తూర్పు వైపు నుంచి మొదలుపెట్టి ఒక మలుపు తిప్పాం, ఆ మలుపు దగ్గర రాఫిస్ పామ్ గుబురు పెట్టాం. ఇంట్లోంచి చూసినప్పుడు పెరటి చివర ఒక్క చూపుకు అందకపోవడమే చిన్న స్థలానికి లోతు తెచ్చే ఉపాయం. గోడకు పెద్ద అద్దం బిగిస్తే స్థలం రెట్టింపు కనిపిస్తుందని ఒక సూచన వచ్చింది. అద్దంలో కనిపించే ఆకాశాన్ని నమ్మి పక్షులు వచ్చి కొట్టుకుంటాయి, దానికితోడు దుమ్ము పట్టిన అద్దం కంటే వికారమైనది తోటలో ఉండదు, కాబట్టి వద్దన్నాం.

కూర్చునే చోటును ఇంటి గుమ్మం ముందు కాకుండా ఈశాన్య మూలలో పెట్టడానికి కారణం వెలుతురు లెక్కే. ఇంటి నీడ డిసెంబరులో కూడా ఆరు మీటర్ల దగ్గర ఆగిపోతుంది, అడుగు కొమ్మలు తీయించడంతో ఆ మూలకు శీతకాలంలో మధ్యాహ్నం కాసేపు ఎండ వస్తోంది. 45 సెంటీమీటర్ల ఎత్తున రాతి అరుగు కట్టించాం. దీపాలు మూడే, మోకాలు ఎత్తులో, పసుపు వెలుగువి. చెట్టు మీదికి ఫోకస్ లైట్లు పెట్టలేదు.

మొక్కలు

మొక్కల ఎంపిక చివరికి వచ్చేసరికి తేలికైపోయింది, ఎందుకంటే ఏ చోట ఎంత వెలుతురు, ఎంత తేమ ఉన్నాయో అప్పటికే తెలుసు. పడమటి గోడ అడుగున ఆస్పిడిస్ట్రా, రాఫిస్, పచ్చ రకం స్నేక్ ప్లాంట్ పెట్టాం. ఇవి అక్కడ వేగంగా పెరగవు, అయితే నిలబడతాయి. ఇంటి దగ్గరి తేమ నేలలో పీస్ లిల్లీ, నెఫ్రోలెపిస్ ఫెర్న్, చేమ కుటుంబానికి చెందిన అలొకేసియా గుంపులుగా వేశాం. వేసవి మధ్యాహ్నం ఎండ పడే నడుమ పట్టీలో వీటిలో ఏదీ పెట్టలేదు, పెడితే ఒక్క వారంలో ఆకు మీద గోధుమ రంగు మచ్చలతో మాడుతుంది. అక్కడ నందివర్ధనం వేశాం. అది ఎండకూ సగం నీడకూ సర్దుకుంటుంది, చీకటి పడ్డాక కూడా దాని తెల్లపూలు కనిపిస్తాయి. నూరువరహాల మొక్కను కూడా అదే పట్టీలోకి, పెద్ద కుండీలో, కోకోపీట్, ఆకు ఎరువు ఎక్కువగా కలిపిన మట్టిలోకి మార్చి, క్షార మట్టిలోనూ పనిచేసే ఈడీడీహెచ్‌ఏ రూపంలోని చీలేటెడ్ ఐరన్ (మొక్క తీసుకోగలిగేలా తయారుచేసిన ఇనుము) ఇచ్చాం.

చెట్టు కింద నాటడానికి వేరే పద్ధతి అవసరం. వేళ్ల మధ్య చేతితో చిన్న గుంట తీసి, బొటనవేలి కంటే లావైన వేరు తగిలితే దాన్ని కోయకుండా గుంటనే పక్కకు జరిపాం. ఆ ఇరుకులోకి పెద్ద మొక్క పట్టదు, పట్టినా చెట్టుతో నీటి పోటీలో ఓడిపోతుంది. అందుకని చిన్న కవర్లలోని లేత మొక్కలనే తీసుకున్నాం: స్పైడర్ ప్లాంట్, మాండో గడ్డి, సింగోనియమ్. వానలు మొదలయ్యాకే నాటాం. మనీప్లాంటును మాత్రం చెట్టు మీదికి ఎక్కనివ్వలేదు. అది ఒకసారి మానుకు అతుక్కుంటే ఆకు చేటంత అయి మొదలంతా కప్పేస్తుంది, ఆ తరవాత కొమ్మల్లో తెగులు వచ్చినా కనిపించదు.

నీడలో రంగు గురించి ఒక మాట. ముదురాకుపచ్చ మొక్కలు దూరం నుంచి చూస్తే చీకట్లో కలిసిపోతాయి. తెల్ల మచ్చలున్న రకాలు పెడితే సరిపోతుందనుకుంటారు గానీ, బాగా తక్కువ వెలుతురులో ఆ మచ్చలు చాలా మొక్కల్లో వెలిసిపోయి ఆకంతా ఆకుపచ్చగా మారిపోతుంది. లేతాకుపచ్చ సింగోనియమ్, ఫెర్న్ వంటివాటిని ముదురాకు గుబుర్ల ముందు పెట్టడం, వెడల్పు ఆకు పక్కన సన్నాకు పెట్టడం నీడలో ఎక్కువ పనిచేస్తాయి. కొత్తగా నాటిన రకాలు పదికి మించకుండా, ఒక్కో రకాన్ని ఎక్కువ సంఖ్యలో పెట్టడం కూడా ఉద్దేశపూర్వకమే. ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుంటారు కాబట్టి డిఫెన్‌బేకియాను పూర్తిగా మానుకున్నాం. నమిలితే నోరు వాచేలా చేసే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు దానిలోలాగే అలొకేసియాలోనూ పీస్ లిల్లీలోనూ ఉంటాయి. ఆ సంగతి ఇంటివారికి చెప్పి, వాటిని దారికి దూరంగా, లోపలి వరసలో ఉంచాం.

పాత కుండీల గురించి చిన్న గొడవ జరిగింది. పెద్దావిడ ఒక్కటి కూడా పారేయనివ్వలేదు. చివరికి మంచివి ఏరి, చిన్న వాటన్నిటి బదులు ఐదు పెద్ద కుండీల్లోకి మొక్కలు మార్చి, కింద పళ్లేలు తీసేసి, మిగిలినవి పగలగొట్టి ఆ పెంకులను కాలువ అడుగున వాడాం. పగలగొట్టేటప్పుడు ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

ఏడాది తరవాత

మరుసటి వానకాలం చివర చూసేసరికి ఇంటి గోడ వారన నీరు నిలవడం ఆగిపోయింది. గోడ మీది ఉప్పు తగ్గింది గానీ పోలేదు. ఏళ్ల తరబడి గోడ పీల్చుకున్న చెమ్మ ఆరడానికి ఇంకో రెండు వేసవులైనా పడుతుంది, అప్పటిదాకా అక్కడ ప్లాస్టరు చేయించవద్దని చెప్పాం. నూరువరహాలు కొత్తగా వేసిన ఆకులు పచ్చగా ఉన్నాయి, పాత పసుపు ఆకులు అలాగే రాలిపోయాయి, పూలు అక్కడక్కడ మాత్రమే వచ్చాయి. ఫెర్న్‌లూ అలొకేసియాలూ బాగా అల్లుకున్నాయి. చెట్టు కింద వేసిన స్పైడర్ ప్లాంట్లలో మొదలుకు దగ్గరగా ఉన్నవి ఎదగలేదు. అక్కడ మళ్లీ నాటకుండా ఆకుల పొరతోనే వదిలేశాం.

నీళ్ల పద్ధతి మారడమే ఇంటివారికి కష్టమైన అలవాటు. రోజూ గొట్టం పట్టడం మాని, రెండు వేళ్ల లోతు మట్టిలో వేలు పెట్టి, పొడిగా తగిలితేనే పోయాలని చెప్పాం. ఇంటి దగ్గరి మడికి వానకాలంలో అసలే అక్కరలేదు, చెట్టు కింద వేసవిలో వారానికి రెండుసార్లు నిండుగా పెట్టాలి. తూము నోట ఆకులు తీయడం, డ్రమ్ము జాలీ చూసుకోవడం వారంలో ఒకసారి చేయాల్సిన పని.

పడమటి భవనం వారి ఏసీ గొట్టం ఒకటి ఇంకా ప్రహరీ మీద నుంచి ఈ పెరట్లోకే కారుతోంది, ఆ చోట సున్నం మీద అప్పుడే పచ్చటి చార పడింది. వారితో మాట్లాడి దాన్ని మళ్లించే పని ఇంటివారి చేతిలో ఉంది. అది తేలే వరకు ఆ గోడకు రెండో పూత వేయడం వాయిదా వేశాం.